చూద్దాంగారు

మూడో స్క్రూ జారి కింద పడింది. ఆయన వంగలేదు. పాదంతో నేల తడిమి, దొరికినదాన్ని బొటనవేలితో బెంచీ కాలి దాకా లాక్కొచ్చాడు. తర్వాత స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే, అయస్కాంతం మొన ఉన్న స్క్రూడ్రైవరు కిందికి చాచి పైకి తీశాడు. ఒకప్పుడు గబుక్కున వంగి తీసేవాడు. ఈ రెండు నెలలుగా వంగితే ఛాతీ మీద ఎవరో అరచెయ్యి ఆనించి నొక్కుతున్నట్టు ఉంటోంది.

సీపీయూ పక్క రేకు ఊడింది. లోపల దుమ్ము పెద్దగా లేదు. ఉండదని ఆయనకు తెలుసు. పది రోజుల క్రితం ఊదింది ఆయనే, అంతకు ముందు ఊదిందీ ఆయనే. అయినా బ్లోయర్ అందుకుని, మొహం పక్కకు తిప్పుకుని ఇంకోసారి ఊదాడు. మొహం తిప్పుకున్నంత మాత్రాన దుమ్ము ఊరుకుంటుందా? ఊళ్లో వాళ్ల బల్లల కింద, మంచాల కింద పేరుకున్న దుమ్మంతా ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ముందు ఆయన ముక్కును పలకరించి ఆ తర్వాతే వీధిలోకి పోయేది. సాయంత్రం ఇంటికెళ్లి మొహం కడుక్కుంటే నీళ్లు బూడిదరంగులో పారేవి.

ఆ సీపీయూ షాపుకు రావడం ఇది మూడోసారి. అంటించిన చీటీలో ఫిర్యాదు అక్షరం మారలేదు. ఆట ఆడుతుంటే స్క్రీన్ నల్లబడుతుంది, ‘నో సిగ్నల్’ అని వస్తుంది. మొదటిసారి ఆయన లోపలి ఫ్యాన్లు శుభ్రం చేసి, చిప్పు వేడిని లాగేందుకు రాసే పేస్టు ఎండిపోతే గీకేసి కొత్తది రాసి పంపాడు. రెండోసారి కరెంటు సరఫరా చేసే డబ్బా మార్చి చూశాడు. రెండుసార్లూ బెంచీ మీద పెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే ఆట నడిపించాడు. స్క్రీన్ రెప్ప కూడా వేయలేదు. ఇంటికి వెళ్లిన రోజే మళ్లీ పోయింది.

షాపులో అందరూ ఆయన్ని చూద్దాంగారు అంటారు. ఎవరు ఏం తెచ్చి "బాగవుతుందా అండీ?" అని అడిగినా ఆయన నోట వచ్చే మాట ఒక్కటే, "చూద్దాం." అవుతుందని ఎప్పుడూ అనలేదు. పోయింది, పారేసుకోండి అని కూడా అనలేదు. ఇంట్లోనూ అదే వరస. కూతురు పుట్టిన రోజు డాక్టరమ్మ "అమ్మాయి అండీ, సంతోషమేనా?" అని అడిగితే చూద్దాం అన్నాడట. ఇంటికి ఎవరొచ్చినా ఆయన భార్య ఈ సంగతి చెప్పకుండా పంపదు. ఆ కూతురే ఇప్పుడు ఆస్పత్రిలో నర్సు. ఈసీజీ తీయించుకో నాన్నా అని రెండు నెలలుగా పోరుతోంది. ఆయన ఏమన్నాడో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ రోజు మాత్రం తల్లీ కూతుళ్లు ఏకమయ్యారు. పొద్దున టిఫిను డబ్బా చేతికిస్తూ భార్య చెప్పింది.

"సాయంత్రం నాలుగున్నరకి డాక్టరు దగ్గర మన నంబరు. అమ్మాయి రాయించింది. నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలి మీరు."

"చూద్దాం."

"చూసేదేం లేదు. రావడమే."

షాపు యజమాని వచ్చి బెంచీకి అటువైపు నిలబడ్డాడు. వయసులో చిన్నవాడు. వాళ్ల నాన్న పెట్టిన షాపు, వాళ్ల నాన్న పెట్టుకున్న మెకానిక్కు. ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాడు. అలా పిలిచి ఊరుకుంటే బాగానే ఉండేది.

"బాబాయ్, బొమ్మ చూపించే ఆ గ్రాఫిక్స్ కార్డు మార్చేద్దాం. కొత్తది వేసి పంపిస్తే గొడవ వదిలిపోద్ది."

"కార్డు బాగానే ఉంది బాబూ."

"బాగుంటే ఎందుకు పోతోంది మరి?"

ఆయన స్క్రూలను ఒక్కొక్కటిగా గిన్నెలో వేశాడు. యజమాని బెంచీ చెక్కను వేలితో రెండుసార్లు తట్టాడు. ఆ చెక్క అంచున ఆయన మోచేతులు ఆనే చోట రెండు గుంటలు పడి ఉన్నాయి.

"ఇంకోమాట. ఇక్కడ స్టాండు పెడతామని ఫోన్ కవర్లు అమ్మేవాళ్లు రోజూ చంపుకు తింటున్నారు. నేనే ఆపుతున్నా. కానీ ఒక్క మెషీను పట్టుకుని నెల తిరిగితే నేనేం చెప్పాలి? సాయంత్రంలోపు తేల్చు బాబాయ్. తేలకపోతే కార్డు మార్చి పంపేస్తా. రేపటి నుంచి ఈ బెంచీ..."

మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయకపోయినా అర్థమయ్యేంత పెద్ద మాటే. యజమాని మంచివాడే. కాకపోతే మంచివాళ్లు కూడా అద్దెలు కట్టుకోవాలి కదా, కవర్లు బెంచీల కంటే త్వరగా అమ్ముడుపోతాయి. ఆయన ఆ గుంటల్లో మోచేతులు ఆనించి కాసేపు ఊరికే కూర్చున్నాడు. యాభై ఏడేళ్ల వయసులో ఇంకెక్కడికి వెళ్లి కూర్చుంటాడు? ఈ బెంచీ తప్ప ఆయనకు చేతనైన చోటు లేదు. భయం వేసింది. ఆ భయాన్ని భార్యకు చెప్పుకోగలడా అంటే అదీ లేదు.

అప్పుడు ఒక సంగతి తట్టింది. ఈ షాపుకు ఎవరు ఫోన్ చేసినా ఒకటే చెబుతారు, సీపీయూ ఒక్కటే తెండి, స్క్రీనూ వైర్లూ ఇంట్లోనే ఉంచండి అని. మోసేవాళ్లకు సుఖం, షాపులో చోటు కలిసొస్తుంది. ఆ నియమం పెట్టింది ఆయనే. బెంచీ మీద ఉన్నది ఆయన స్క్రీను, ఆయన వైరు. అంటే నెల రోజులుగా ఆయన పరీక్షిస్తున్నది రోగంలో సగాన్నే. ఈ పాటి సంగతి తట్టడానికి నెల పట్టిందే అని తనను తానే తిట్టుకున్నాడు.

సీపీయూను స్కూటరు మీద తన కాళ్ల మధ్య పెట్టుకుని, తను రోజూ బెంచీ మీద వాడే లావుపాటి పొట్టి వైరును సంచీలో వేసుకుని బయల్దేరాడు.

ఆ ఇల్లు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపుకు ‘మరమ్మతులో ఉంది’ అని కాగితం అంటించారు. ఆ కాగితం అంచులు పసుపు పచ్చగా మారాయి. ఆయన పెట్టెను పొట్టకు ఆనించుకుని మెట్లెక్కాడు. మొదటి మలుపులో ఆగాడు. రెండో మలుపులో పెట్టెను దించి దాని మీదే కూర్చున్నాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది. బరువు మోసినందుకని అనుకున్నాడు. కింది నుంచి ఎవరో వస్తున్న చప్పుడైతే సిగ్గుపడి లేచాడు.

తలుపు తీసినావిడకు అరవై దాటాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ప్రతి మాటా విడమర్చి, అవతలివాళ్లకు సరిగ్గా వినపడుతోందో లేదో అన్నట్టు మాట్లాడుతుంది. జీవితంలో సైకిలైనా తొక్కలేదట. కంప్యూటర్లో మాత్రం పద్నాలుగు చక్రాల లారీ నడుపుతుంది. సరుకు ఎత్తుకుని, మంచు పడే రోడ్ల మీదుగా, వంతెనలు దాటుకుంటూ, ఎక్కడో ఉన్న రేవులో దింపి రావాలి. అదే ఆవిడ ఆడే ఆట.

"దారిలో ఉండగా పోతుందండీ. వచ్చేలోపు లారీ గుంతలో ఉంటుంది. సరుకంతా బుగ్గి" అంది.

ఒక పెద్ద హాలును ప్లైవుడ్ అడ్డంతో రెండు చేశారు. ఇటువైపు ఆవిడ కంప్యూటరు బల్ల. అటువైపు ఆవిడ భర్త, గోదాముల లెక్కలు చూసి రిటైరైన గుమాస్తా, తన పాత ఆఫీసు వాళ్లు రెండు నెలల క్రితం వదిలించుకున్న చక్రాల కుర్చీలో పేపరు చదువుకుంటూ కూర్చుని ఉన్నాడు. అడ్డం మందం అర అంగుళం. మొగుడూ పెళ్లాల మధ్య మాత్రం అంతకంటే లావుపాటిదే ఏదో ఉందని మెకానిక్కు రెండు నిమిషాల్లో తెలిసిపోయింది.

"కాఫీ పెడుతున్నాను. ఆయన తాగుతారేమో అడగండి" అంది ఆవిడ.

"తాగుతానని చెప్పండి" అన్నాడు అవతలి నుంచి భర్త.

"తాగుతారంటండీ" అన్నాడు మధ్యలో మెకానిక్కు. ఏం చేస్తాడు మరి? వైర్లు తగిలించడమే కదా ఆయన పని.

ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే భర్త మోకాళ్లు పట్టుకుంటూ అడ్డం దాటి ఇటువైపు వచ్చి గొంతు తగ్గించాడు.

"మీతో అంటే తప్పులేదు. నలభై ఏళ్ల కాపురం మాది. రెండు నెలల నుంచి నేను అక్కడ లేచిన చప్పుడైతే చాలు, ఇక్కడ ఆర్పేస్తోంది. నేను చూడకూడనిది ఏముందండీ అందులో? అడిగితే నేనే ఏదో చేశానని నా మీదే పడుతుంది. అడగడం మానేశాను. ఆవిడా మాట్లాడ్డం మానేసింది."

మెకానిక్కు చేతిలోని వైరు వదిలేశాడు.

"మీరు ఎప్పుడు లేచినా అంతేనా అండీ?"

"ఎప్పుడైనా అంతే. నేను వచ్చి చూసేసరికి నల్లగా ఉంటుంది."

ఆయన సీపీయూ బిగించి, ఆవిడ కాఫీ కప్పులు పట్టుకుని రాగానే ఆట మొదలుపెట్టమన్నాడు. స్క్రీన్ మీద తెల్లవారుతున్న రోడ్డు తెరుచుకుంది. లారీ బయల్దేరింది. అద్దం మీది వైపరు మంచును అటూ ఇటూ తోస్తోంది. ఆయన వెళ్లి బల్ల వెనక, గోడ పక్కన నిలబడ్డాడు. ఆయనకు ఎప్పుడూ అదే చోటు. పాత టీవీలు బాగుచేసే రోజుల్లో బొమ్మ కనపడటానికి ఎదురుగా ఒక అద్దం పెట్టించుకుని, వెనక నుంచి సరిచేసేవాడు. ఇంటిల్లిపాదీ ముందు కూర్చుని నవ్వుతుంటే ఆ నవ్వెందుకో ఆయనకు కుడి ఎడమలు తారుమారుగా తెలిసేది. బొమ్మ కుదిరాక ఎవరో ఒకరు కూర్చోండి అనేవారు. అప్పటికి ఇంకో ఇల్లు కాచుకుని ఉండేది. కూర్చున్న రోజు ఒక్కటీ గుర్తులేదు.

"ఇప్పుడు మీరు వెళ్లి మీ కుర్చీలో కూర్చోండి" అన్నాడు భర్తతో.

అటువైపు కుర్చీ కిర్రుమంది. ఇటువైపు స్క్రీన్ నల్లబడింది.

"పోయింది!" అని అరిచింది ఆవిడ.

"లేవండి" అన్నాడు మెకానిక్కు. లేచాడు. అప్పుడే వచ్చిన బొమ్మ మళ్లీ పోయింది.

ఆయన అటువైపు వెళ్లాడు. తనే ఆ కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు. కూర్చున్నాడు, లేచాడు. ప్రతిసారీ అడ్డం అవతల నుంచి "పోయింది" అని ఆవిడ గొంతు, ఎక్స్ఛేంజిలో నంబరు చెప్పినంత స్పష్టంగా. ఆయనకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. వంగి, ఈసారి ఛాతీ సంగతి మరచిపోయి, కుర్చీ కింద చూశాడు. తర్వాత అడ్డం కింది నుంచి చూశాడు. అవసరానికి మూడింతలు పొడవున్న సన్నటి స్క్రీన్ వైరు ఒకటి, మిగిలినదంతా చుట్టలు చుట్టి, అడ్డానికి అవతల, సరిగ్గా ఆ కుర్చీ వెనక పడేసి ఉంది.

"ఈ కుర్చీ కాలులో గ్యాసు గొట్టం ఉంటుందండీ. కూర్చున్నా లేచినా ఒక్క క్షణం కరెంటు పుడుతుంది. ఉన్ని బట్ట విప్పేటప్పుడు చిటపటమంటుంది చూడండి, అలాంటిది. ఆ వైరు చవకరకం. దీని చిటపట దాంట్లోకి దూరిపోతోంది. అంతే. మెషీనుకేం లేదు" అన్నాడు.

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ కుర్చీని చూశారు.

"అంటే నువ్వు ఆర్పలేదా?" అన్నాడు భర్త చివరికి.

"నేనెందుకు ఆర్పుతాను? మీరే ఏదో తిప్పుతున్నారనుకున్నాను. కంప్యూటరు కొన్న రోజు నుంచీ మీకు గిట్టదుగా."

"గిట్టకపోతే రోజుకు పదిసార్లు లేచి ఎందుకొస్తాను? ఏం ఆడుతున్నావో చూద్దామని కదా."

ఆవిడ కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది. అవి ముందే శుభ్రంగా ఉన్నాయి. రెండు నెలలు అన్యాయంగా పోయాయని ఇద్దరికీ తెలిసింది. చెప్పుకోవడానికి మూడో మనిషి అడ్డం.

ఆ మూడో మనిషి పాత వైరును చుట్టి పక్కన పెట్టి, సంచీలోంచి తన పొట్టి వైరు తీసి తగిలించాడు. కుర్చీని కిటికీ దగ్గరికి జరిపించాడు. అక్కడ కూడా భర్తను ఇరవైసార్లు కూర్చోబెట్టి లేపాడు. పాపం ఆయన మోకాళ్లు పట్టుకుంటూనే లేచాడు, లేచిన ప్రతిసారీ "పోయిందా?" అని కేక వేశాడు. ఆవిడ "పోలేదు" అంది. పదిహేనోసారికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

మెకానిక్కు గోడ పక్కనున్న సోఫాలో కూర్చుని షాపుకు ఫోన్ చేశాడు.

"దొరికింది బాబూ. కార్డు బాగానే ఉంది."

"మరేంటి బాబాయ్?"

"కుర్చీ."

"కుర్చీ ఏంటి?"

"వచ్చి చెప్తాలే."

యజమాని నవ్వాడు. ఆ నవ్వులో కాస్త సిగ్గు కూడా వినిపించింది. "సరే, రేపు పొద్దున తొందరగా రా. రెండు లాప్‌టాప్‌లు వచ్చినయ్, నీ బెంచీ మీద పెట్టిస్తున్నా."

నీ బెంచీ అన్నాడు. ఆయన ఫోన్ ఒళ్లో పెట్టుకుని సోఫాలో వెనక్కి వాలాడు. ఒళ్లంతా అలసట ఒక్కసారిగా దిగింది. అలసటతో పాటు ఎంత సంతోషం కలిగిందంటే, ఆ గుంటలు పడిన చెక్క కోసం తను ఇంతగా భయపడ్డాడా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

నాలుగు దాటి పది నిమిషాలకు భార్య ఫోన్ చేసింది.

"బయల్దేరారా?"

"దొరికిందే. నెల నుంచి చంపుతోందని చెప్పానే, అది."

"మంచిదే. బయల్దేరారా అని."

"ఒక్క గంట చూసి వస్తాను."

బాగుచేసిన యంత్రాన్ని ఒక గంట నడిపించి చూడకుండా ఆయన ఎప్పుడూ వదల్లేదు. అది ఆమెకు తెలుసు. ముప్ఫయ్యేళ్లుగా ఆ గంటల కోసం అన్నం మూతపెట్టి ఎదురుచూసింది ఆమే.

"మీ గొంతేంటి అలా ఉంది?"

"మూడంతస్తులు ఎక్కానే."

ఆమె నిట్టూర్చింది. "అమ్మాయితో చెప్పి నంబరు వెనక్కి వేయిస్తాను. అయిదున్నరకి మాత్రం ఉండాలి."

"వస్తాను" అన్నాడు. చూద్దాం అనలేదు. అటుపక్క ఆమె కూడా అది గమనించింది.

ఆవిడ లారీని మళ్లీ రోడ్డెక్కించింది. భర్త వంటింట్లోంచి చెక్క స్టూలు తెచ్చుకుని పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఆ స్టూల్లో గ్యాసు లేదు కదా అని కింద వంగి ఒకసారి చూసుకున్నాడు కూడా.

"ఇందులో ఏముంది?"

"కాగితం రీళ్లు. ఇరవై టన్నులు."

"ఇరవై టన్నులు ఎత్తించావా? తడవకుండా టార్పాలిన్ కప్పారా?"

"ఏమో, కనపడదు."

"కనపడకపోతే ఎలా? దింపేచోట తీసుకోరు" అని, ముప్ఫయ్యేళ్లు గోదాముల లెక్కలు రాసిన మనిషి నిజంగానే కంగారుపడ్డాడు.

సోఫాలోంచి మెకానిక్కు స్క్రీన్ వంక చూస్తూ ఉన్నాడు. ఈసారి ఎదురుగా, కుడి కుడిగా ఎడమ ఎడమగా కనపడుతోంది. రోడ్డు కొండ ఎక్కింది. కొండ దిగింది. ఛాతీ మీది అరచెయ్యి కొంచెం బరువెక్కింది. ఆయన సంచీ ఒళ్లోకి లాక్కుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. దూరంగా సముద్రం కనపడింది. బాగుంది అనుకున్నాడు.

కాసేపటికి ఆవిడ వెనక్కి తిరిగి చూస్తే ఆయన తల పక్కకు వాలి ఉంది, కళ్లు మూసుకుని ఉన్నాయి.

"నిద్రపట్టేసింది పాపం" అంది.

"ఆ మెట్లెక్కి వచ్చాడు. పడుకోనీ. చప్పుడు తగ్గించు" అన్నాడు భర్త.

ఆవిడ లారీ ఇంజను మోత తగ్గించింది. ఇద్దరూ గొంతులు తగ్గించుకుని మాట్లాడుకున్నారు. రెండు నెలల మాటలు ఉన్నాయి. మోకాలి మందు అయిపోయిన సంగతి, కింది ఇంటివాళ్లు ఖాళీ చేస్తున్న సంగతి, ఎందుకు అడగలేదు అంటే ఎందుకు చెప్పలేదు అని, అన్నీ గుసగుసల్లోనే. మధ్యలో ఒకసారి సోఫాలో ఫోన్ మోగింది. ఆయన లేస్తాడేమో అనుకున్నారు. లేవలేదు. కాసేపు మోగి ఆగిపోయింది.

రేవు వచ్చింది. ఆవిడ లారీని వెనక్కి నడిపి, గీతల మధ్య సరిగ్గా నిలబెట్టింది. మొదటిసారి సరుకు మొత్తం దక్కింది. గడియారం చూస్తే అయిదుంబావు.

"గంట అయిపోయిందండీ, ఒక్కసారి కూడా పోలేదు" అంది ఆవిడ సంతోషంగా, వెనక్కి తిరిగి.

భర్త స్టూలు మీంచి లేచి వెళ్లి ఆయన భుజం తట్టాడు. చెయ్యి సంచీ మీంచి జారి పక్కన పడింది.

తర్వాత కింది అంతస్తులోని డాక్టరు వచ్చాడు, మణికట్టు పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మోగిన ఫోన్‌ను ఆవిడే ఎత్తింది. ఎన్ని వేలమందికి ఎన్ని కబుర్లు కలిపిందో ఉద్యోగంలో, ఈ ఒక్క కబురు చెప్పమని ఫోన్‌ను భర్త చేతికిచ్చేసింది. మెకానిక్కు భార్యా కూతురూ వచ్చారు. షాపు యజమాని వచ్చి ఆయన తల వైపు పట్టుకున్నాడు. లిఫ్టు లేదు కాబట్టి మూడంతస్తులూ నలుగురు మోసుకుంటూ, ప్రతి మలుపులో ఆగుతూ దించారు. కూతురు ఏడుస్తూ వాళ్ల వెంటే దిగింది. భార్య ఏడవలేదు. మెట్లు దిగుతూ, వస్తానన్నారు, వస్తానన్నారు అని మాత్రం అంటూ ఉంది.

అందరూ వెళ్లాక ఇల్లు చిన్నబోయింది. ఆవిడ స్క్రీన్ ఆర్పడం మరచిపోయి వంటింట్లో కూర్చుంది. భర్త వీధి తలుపు వేయడానికి వచ్చాడు. గుమ్మం పక్కన చూద్దాంగారి తోలు చెప్పులు అలాగే ఉన్నాయి, ఎడమదాని మడమ బాగా అరిగిపోయి, పనికాగానే కాళ్లు దూర్చుకుని వెళ్లడానికి వీలుగా మెట్లవైపు తిరిగి.